ఆషాఢంలో పడమటికి

కోరంగి
పార్థివ నామ సంవత్సరం, ఫాల్గుణ మాసం

దొరలు రంగూన్ అనే రంగంలో ఉన్న మా బావ చిట్టియ్యకి, కోరంగి నుంచి ఓలేటి భీమరాజు రాయించింది కాదు, తన చేత్తో రాసింది.

నీలాగా ఇంకొకడి కాళ్ళు పట్టుకుని రాయించుకునే ఖర్మ నాకు లేదు. ఓడలకి పేర్లు చెక్కే వీరబ్రహ్మం పక్కన కూర్చుని ఈ నాలుగు అక్షరాలూ పట్టుకున్నాను. వంకరగా ఉంటే వంకరగానే చదివించుకో.

నీ పెళ్ళాం మాణిక్యం మా ఇంట్లో బాగానే ఉంది. చెల్లెలు గదా అని కూర్చోబెట్టి పెడితే ఊరుకోదు. వదినా మరదళ్ళు ఎండుచేపల గంప దగ్గర పోట్లాడుకుంటారు, మళ్ళీ ఒకే కంచంలో తింటారు. మా ఆవిడ లోవమ్మ నోరు నీకు తెలిసిందే.

రేవు సంగతి చెప్తాను. గోదారి తెచ్చిన మట్టి రేవు నోట్లో మేట వేసింది. పోటు మీద కూడా పెద్ద ఓడ లోపలికి రావడం లేదు. మన ఓడని ఒడ్డుకి లాగించి తాటాకు కప్పాను. ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టిన కాణ్ణించీ రామచంద్రపురం వైపు రైతులు మిద్దెలు లేపుతున్నారు. వాళ్ళ ధాన్యం కాలవ పడవల్లో తిన్నగా కాకినాడ పోతోంది, అక్కణ్ణించి పొగ ఓడల్లోకి. మన గుమ్మం ముందు నుంచి పోదు. వాళ్ళ పొలాలకి నీళ్ళొచ్చాయి, మన రేవుకి మట్టొచ్చింది. అడిగితే దొర నవ్వుతాడు.

ఇంకో సంగతి. మన పాలెం చినబాబు పొగ ఓడలో బొగ్గు ఎత్తే పనికి పోయాడు. పిల్లల తండ్రి, బుద్ధి ఉండాలి. ధాత కరువులో జనం రంగం పోవడానికి ఎగబడితే మన తెరచాప ఓడలే గదా వాళ్ళని దాటించింది. ఆ తరవాత పొగ ఓడలు వచ్చి మనకంటే తొందరగా దింపుతామంటే ఒక్కడు మన మొహం చూడలేదు. అప్పుడే గదా పాలెం మగవాళ్ళమంతా గంగమ్మ గుడి దగ్గర, ఓడ అడుగు దూలం మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాం. కూలికి గానీ ప్రయాణానికి గానీ పొగ ఓడ మీద కాలు పెట్టం, పెట్టినవాడికి పాలెంలో నిప్పు లేదు, నీళ్ళు లేవు అని. నువ్వూ వేశావు. వాడూ వేశాడు. వాణ్ణి వెలేశాను. పెద్దని నేను, నేను కాకపోతే ఎవడు వేస్తాడు? వాడి పెళ్ళాం నిప్పుకి వస్తే లోవమ్మ పిడక తియ్యబోయింది. చెయ్యి పట్టుకుని ఆపాను.

నువ్వు కార్తీకంలో రా. గాలి ఈశాన్యానికి తిరగ్గానే అటునుంచి ఏ తెరచాప ఓడ బయల్దేరితే అది ఎక్కు. ఈలోగా రాకు. వేసవి గాలి ఇటునుంచి అటు తోస్తుంది, అటునుంచి ఇటు రానివ్వదు. ఓడ నడిపే తండేలువి, నీకు నేను చెప్పేదేంటి.

ఓలేటి భీమరాజు

•

రంగం
వ్యయ నామ సంవత్సరం, చైత్ర మాసం

భీమరాజు బావగారికి చిట్టియ్య దండాలు.

ఈ అక్షరాలు యెహెజ్కేలు గారివి. కాకినాడ వైపు మనిషే, మిషను బళ్ళో చదువుకుని ఇక్కడ బియ్యం మిల్లులో గుమాస్తా చేస్తున్నారు. నేను చెప్పింది చెప్పినట్టు రాయాలని, బాగు చెయ్యకూడదని ఒప్పించుకున్నాను. అందుకని నా మాటలకి ఆయన్ని తిట్టకు.

నీ ఉత్తరం చదివించుకుని అందరం నవ్వుకున్నాం. అది ఏ ఓడలో వచ్చిందో తెలుసా బావా? కాకినాడలో పొగ ఓడ ఎక్కి వచ్చింది. టపా అంతా వాటిలోనే. నీ అక్షరాలు ఒట్టు తప్పాయి. వాటిని కూడా వెలేస్తావా, లేక మందలించి వదిలేస్తావా?

ఇక్కడి సంగతులు బాగాలేవు. ఈ దేశపు రాజుని పట్టుకుని, ఓడెక్కించి మన దేశం వైపే పంపేశారు. యుద్ధం అయిపోయిందని తుపాకులు కాల్చి పండగ చేశారు. అయిపోలేదు. నది పైనుంచి పడవల నిండా జనం దిగుతున్నారు, ఊళ్ళు కాలిపోయి. మిల్లులు మాత్రం ఒక్క పూట ఆగలేదు. సిపాయిలకి బియ్యం కావాలి, సీమకి బియ్యం కావాలి. నా కింద ఉన్న మనవాళ్ళు సంపాన్లనే చిన్న పడవల్లో బస్తాలు వేసుకుని ఓడల దాకా తెడ్లు వేస్తూనే ఉన్నారు. కొందరిని సర్కారు కూలీలుగా పై నదికి పట్టుకుపోయారు. తిరిగొచ్చినవాడు జ్వరంతో వస్తాడు, రానివాడి సంగతి ఎవడూ చెప్పడు.

మొన్న రేవు మెట్ల మీద ఒకామె కూర్చుని ఉంది, ఒళ్ళో బిడ్డ. వాళ్ళ మాటలో ఏదో అడిగింది. మాట తెలీలేదు గానీ మొహం ఎరుగుదును. ధాత కరువులో తాళ్ళరేవు సంతలో కూర్చున్న వాళ్ళ మొహమే అది. బస్తా కింద రాలిన బియ్యం ఊడ్చి కొంగులో పోశాను. ఇక్కడ బియ్యం కొండల్లా ఉన్నాయి బావా. కొండల పక్కనే కూర్చుని ఆ మొహం.

మాణిక్యానికి చెప్పు, నా ముందుపన్ను ఊడిపోయింది. కార్తీకంలో దిగుతాను, చూసి నవ్వితే మాత్రం అదే ఓడలో వెనక్కి పోతాను.

చిట్టియ్య

•

కోరంగి
వ్యయ, వైశాఖ మాసం

చిట్టియ్యా,

టపా సంగతి ఎగతాళి చేశావు. కాయితం ఒట్టు వెయ్యలేదు. మనిషి వేశాడు. అంతే.

మాణిక్యానికి జ్వరం. ఎండ దెబ్బ అనుకున్నాం, కాదు. దిగడం లేదు. పొద్దున కొంచెం తెరిపి ఇస్తుంది, పొద్దు వాలేసరికి మళ్ళీ కాలిపోతుంది. అన్నం పోవడం లేదు. తాళ్ళరేవు వైద్యుడు వచ్చి నాలుక చూసి, పొట్ట నొక్కి, సన్నిపాతం లాగా ఉంది, కాచుకోండి అన్నాడు. కాచుకోవడానికేనా నిన్ను పిలిచింది అన్నాను. కోప్పడి పోయాడు. లోవమ్మ వెనకాల పరిగెత్తి బతిమాలి మందు పట్టుకొచ్చింది.

నీ పన్ను సంగతి చెప్పాను. నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది. ఇంక ఎగతాళి మాటలు రాయించకు.

నీకు చెప్పకుండా ఉండడం న్యాయం కాదని రాశాను. కంగారు పడకు. కార్తీకంలో రావడానికి సిద్ధంగా ఉండు.

భీమరాజు

•

రంగం
వ్యయ, జ్యేష్ఠ మాసం

బావగారికి,

నీ ఉత్తరం యెహెజ్కేలు గారు చదువుతూ మధ్యలో ఆగిపోయారు. ఆగద్దండి, అంతా చదవండి అన్నాను.

కాచుకోండి అన్నాక కార్తీకం దాకా ఎవరు కాచుకుంటారు బావా? నువ్వు రాసిన రాత నాకు తెలీదా? ఓడలోకి నీళ్ళు వస్తుంటే నువ్వు కంగారు పడకండి అనేవాడివి. నువ్వు ఆ మాట అన్నావంటే మేం దేవుళ్ళకి మొక్కుకునేవాళ్ళం.

సూటిగా అడుగుతున్నాను. ఇక్కణ్ణించి కాకినాడకి పొగ ఓడ ఉంది. టపా వచ్చే ఓడే. ఎక్కితే వారంలోపు మీ గుమ్మంలో ఉంటాను. నా ఒట్టు నేనే తప్పి వచ్చెయ్యగలను, నన్నాపే వాడు ఇక్కడెవడూ లేడు. కానీ నువ్వు పెద్దగా ఉన్న పాలెంలోకి వెలిమనిషినై వస్తే ఆవిడ మంచం దగ్గరికి నన్ను రానిస్తావా? నేను తాగిన చెంబులో ఆవిడకి నీళ్ళు పొయ్యనిస్తావా? చినబాబుని ఏం చేశావో రాశావు గదా.

అందుకని అడుగుతున్నాను. రమ్మని ఒక్క మాట రాయి. పాలెంలో నలుగురినీ కూర్చోబెట్టి, చిట్టియ్యకి ఒట్టు విప్పాను అని చెప్పు. కాళ్ళు పట్టుకుంటున్నాను అని రాయమన్నాను, యెహెజ్కేలు గారు ఈ మాట రాయమంటారా అని మళ్ళీ అడిగారు. రాయమన్నాను.

మాణిక్యానికి ఏమీ చెప్పకు. వస్తున్నాడని మాత్రం చెప్పు.

చిట్టియ్య

•

కోరంగి
వ్యయ, జ్యేష్ఠ మాసం, వెన్నెల పోయాక

చిట్టియ్యా,

విప్పను.

కారణం చెప్తాను. పోయిన నెల చినబాబు తల్లి పోయింది. నన్ను ఎత్తుకుని తిరిగిన మనిషి. వాడు గుమ్మంలోకి వచ్చి, పెద్దయ్యా, పాడె మొయ్యడానికి మనుషుల్ని పంపించండి అన్నాడు. పంపలేదు. వాడూ వాడి తమ్ముడూ, పక్క పాలెం వాళ్ళిద్దరూ మోసుకుపోయారు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. కావాలనే లోపలికి పోలేదు, చేసినవాణ్ణి చూడాలి గదా. ఇప్పుడు నా చెల్లెలికి జ్వరం వచ్చింది కాబట్టి నా బావకి ఒట్టు విప్పితే, ఆ ముసలమ్మకి నేనేం చెప్పుకోను? ఒట్టు ఊరి కోసమా, నా ఇంటి గుమ్మం దాకానేనా?

ఆడవాళ్ళు ఏమన్నారో అది కూడా రాస్తాను, దాచి రాసేవాణ్ణి కాను.

మాణిక్యం కళ్ళు తెరిచి, ఆయన వస్తున్నాడా అన్నయ్యా అంది.

కార్తీకంలో అన్నాను.

"ఇప్పుడు ఏ నెల?"

"జ్యేష్ఠం."

గోడ వైపు తిరిగింది. అటు తిరిగే, పొగ ఓడ ఉంది గదా, నేనేం ఒట్టు వెయ్యలేదు, ఆడవాళ్ళని మీరు అడగలేదు గదా అంది.

లోవమ్మ ఊరుకుంటుందా. వీధిలోకి వినపడేట్టు మొదలుపెట్టింది. "ఏమయ్యా, నీ ఓడ తాటాకు కింద చెదలు తింటోంది. రేవు మట్టి తింటోంది. ఇంక మిగిలింది నీ ఒట్టే, అది నీ చెల్లెల్ని తింటుంది. తిననీ. పెద్దవి గదా!"

ఇంత మాట నన్ను ఎవరూ అనలేదు. రెండు పూటలు అన్నం మానేశాను. ఆవిడ వడ్డించడం మానలేదు, నేను తినడం మానాను.

అయినా విప్పను. గంగమ్మ దయ ఉంటే అది బతుకుతుంది. నువ్వు గాలి తిరిగాక రా.

భీమరాజు

•

రంగం
వ్యయ, ఆషాఢ మాసం

బావగారికి,

నీ మాట విన్నాను. కోపం లేదు. చినబాబు తల్లి సంగతి విన్నాక నిన్ను అడగడం తప్పనిపించింది. నువ్వు అలాంటివాడివే, అలాంటివాడివని తెలిసే నీ చెల్లెల్ని చేసుకున్నాను.

కానీ దారి ఒకటి దొరికింది. ఒట్టూ తప్పను, కార్తీకం దాకా ఆగను.

ఇక్కడ నాగపట్నం నకుదా ఒకడున్నాడు, సొంత ఓడ ఉన్నవాడు. ముసలివాడు, నీకంటే మొండి. వాడి తెరచాప ఓడ పేరు ఖాదర్ బక్షు. సర్కారు వాళ్ళు రేవులో ఉన్న ఓడల్ని పట్టి, సిపాయిల గుర్రాలకి గడ్డీ గింజలూ మొయ్యడానికి తోలుకుపోతున్నారు. పోయిన ఓడ ఎప్పుడు వస్తుందో తెలీదు. అందుకని గాలి ఎలా ఉన్నా సరే దాటిపోతానని వాడు పట్టుబట్టాడు. వాడి తండేలు భయపడి దిగిపోయాడు. నన్ను రమ్మన్నాడు. సరే అన్నాను.

నాకు తెలుసు నువ్వేమంటావో. ఆషాఢంలో పడమటికా, గాలి మొహాన కొడుతుంటేనా అంటావు. ద్వీపాల సందులో నుంచి బయటపడి, దక్షిణానికి దిగుతూ, దొరికినంత గాలిని పక్కనుంచి పట్టుకుని అల్లుకుంటూ పోతాను. ఆలస్యం అవుతుంది. కార్తీకం కంటే ముందే గదా. నాగపట్నంలో దిగితే అక్కణ్ణించి ఒడ్డు వెంట నడిచైనా వస్తాను.

ఓడ పాతది. చెక్కల సందుల్లో పీచు కొత్తగా కుక్కించాను. నువ్వుంటే బాగుండేది, నీ చేత్తో కుక్కితే ఇంకొంచెం గట్టిగా ఉండేది.

రేపు పోటు మీద లంగరు ఎత్తుతాం. మాణిక్యానికి చెప్పు, తెరచాప ఓడలోనే వస్తున్నాడు, మీ అన్నయ్యకి తలవంపులు లేకుండా వస్తున్నాడు అని.

చిట్టియ్య

•

కోరంగి
వ్యయ, ఆషాఢ మాసం

ఎక్కద్దు.

చిట్టియ్యా, దిగిపో. ఆ ఓడ ఎక్కద్దు. లంగరు ఎత్తడం ఎప్పుడూ ఆలస్యమే అవుతుంది, ఇంకా రేవులోనే ఉన్నావనుకుని రాస్తున్నాను. తంతి కూడా కొట్టించాను. తంతి బాబు ఒక్కో మాటకీ లెక్క అంటుంటే కొట్టవయ్యా అని అరిచాను.

పొగ ఓడ ఎక్కు. ఒట్టు విప్పేశాను. పాలెంలో నలుగురినీ పిలిచాను, నా నోటితోనే చెప్పాను. ఎవడూ ఏమీ అనలేదు. అన్నా వినేవాణ్ణి కాను. రా. నా చెంబుతోనే నీళ్ళు తాగు.

గడ్డి తింటున్నావా? ఆషాఢంలో పడమటికి ఎవడైనా పోతాడా? ఆ ద్వీపాల సందు దాటగానే ఉంటుంది అసలు సముద్రం. పాత ఓడకి పక్క గాలి పడితే కడుపు విచ్చుకుంటుంది. ఇది నీకు నేర్పింది నేను. నేను నేర్పింది ఎలా మర్చిపోయావు?

ఈ ఉత్తరం నేనే కాకినాడ పట్టుకొచ్చాను. టపా సంచి పొగ ఓడకి చేర్చే పడవ కనపడనంత దూరం పోయేదాకా ఒడ్డున నిలబడతాను.

ఎక్కు.

భీమరాజు

•

రంగం
వ్యయ, శ్రావణ మాసం

మహారాజశ్రీ ఓలేటి భీమరాజు గారికి యెహెజ్కేలు నమస్కరించి వ్రాయునది.

అయ్యా, చిట్టియ్య గారి మాటలు ఇన్నాళ్ళూ వ్రాసినది నేనే గనుక మీరు నన్ను ఎరుగుదురని అనుకుంటానండి. ఈసారి నా మాటలు నేనే వ్రాయవలసి వచ్చింది.

తమరి తంతి వచ్చేసరికే ఖాదర్ బక్షు రేవు దాటి పోయిందండి. తంతి చేత పట్టుకుని సంపాను మీద నది మొగ దాకా వెళ్ళాను. తెరచాప కూడా కనపడలేదు. తరవాత ఉత్తరం వచ్చింది. తాను వెళ్ళాక ఏదైనా వస్తే విప్పి చదవమని ఆయన నాతో అని ఉన్నారు, అందుచేత విప్పాను. మన్నించాలి.

ఆయన వెళ్ళేనాడు మెట్ల దాకా నేనూ వెళ్ళాను. మీరు కూడా వద్దంటే ఎలాగండి గుమాస్తా గారూ, మా బావ ఎటూ తిడతాడు, ఆ తిట్లు తినడానికైనా చేరాలి గదా అని నవ్వారు. ఊడిన పన్ను నాలుకతో తడుముకునే అలవాటు ఆయనకి. పడవలో కూర్చున్నాక కూడా అదే చేస్తున్నారు.

ఇక్కడి రేవు కచేరీలో రోజూ అడుగుతున్నాను. నాగపట్నంలో మా సంఘపు వారికి కూడా వ్రాశాను. ఓడ ఇంకా చేరలేదని జవాబు. గాలి ఇలా ఉన్నప్పుడు ఆలస్యం సహజమేనని కచేరీలో అన్నారు.

అమ్మగారి ఆరోగ్యం కోసం ప్రార్థన చేస్తున్నానండి.

చిత్తగించవలెను,
యెహెజ్కేలు

•

కోరంగి
వ్యయ, భాద్రపద మాసం

యెహెజ్కేలు గారికి,

నా చెల్లెలికి జ్వరం దిగింది.

మీరు ప్రార్థన చేశారో, మా గంగమ్మ చూసిందో, వైద్యుడి మందో నాకు తెలీదు. శ్రావణం మొదట్లోనే ఒంటికి చెమట పట్టింది. ఇప్పుడు లేచి తిరుగుతోంది. జుట్టు ఊడిపోయింది, ఆకలి మాత్రం ఏనుగు ఆకలి. పెరుగన్నం పెడితే చేప ఏదీ అంటుంది. లోవమ్మ వండుతూ ఏడుస్తుంది, ఏడుస్తూ వండుతుంది.

మొదట చిట్టియ్య వస్తున్నాడని మాత్రం చెప్పాను. ఎందులో అంది. తెరచాప ఓడలో అన్నాను. మాణిక్యం మంచం దిగి గుమ్మం పట్టుకుని బయట తాటి మట్టలు ఎటు ఊగుతున్నాయో చూసింది. తండేలు కూతురు, తండేలు పెళ్ళాం. ఇప్పుడా? ఈ గాల్లోనా? అంది. ఇంక నన్ను ఏమీ అడగలేదు. అడిగితే బాగుండేది.

ఆ తరవాత నేను చినబాబు గుడిసెకి పోయాను. నేను వెలేశాక పాలెం బయట ఉప్పుకయ్య పక్కన వేసుకున్నాడు. వాడి ఓడ కాకినాడలో ఉందని, ఇంటికి వచ్చాడని విన్నాను. కూర్చోండి పెద్దయ్యా అన్నాడు. కూర్చోలేదు. నీ ఓడవాళ్ళని ఖాదర్ బక్షు సంగతి అడగరా అన్నాను. వాడు తల వంచుకున్నాడు. అప్పుడు కూర్చున్నాను.

వాడు చూశాడట. రంగం నుంచి వస్తుంటే, ద్వీపాల సందు దాటి, మళ్ళీ నీళ్ళు నల్లబడే చోట, ఓడ ఒకటి బోర్లా తేలుతూ కనిపించింది. దొర పడవ దింపించాడు. వెనక చెక్క మీద ఖాదర్ బక్షు అని పేరు ఉంది. మనుషులెవరూ లేరు. చుట్టూ తిరిగి చూసి, సముద్రంలో పోయినవాళ్ళకి తీసినట్టు తలగుడ్డలు తీసి వచ్చేశారు. అది మన చిట్టియ్య మావయ్య ఎక్కిన ఓడ అని నాకు తెలీదు పెద్దయ్యా, తెలిస్తే నేను నీళ్ళలోకి దూకేవాణ్ణి అన్నాడు. దూకి ఏం చేస్తావురా అన్నాను. వాడు ఏడ్చాడు. వాడి తల్లి పాడె మొయ్యడానికి మనుషుల్ని పంపనివాడి చెల్లెలి మొగుడి కోసం వాడు ఏడ్చాడు.

ఇంటికి వచ్చి చెప్పాను. ఒక్క మాట మింగలేదు. ఇంట్లో శోకాలు లేచాయి. పాలెం ఆడవాళ్ళు వచ్చి గాజుల దగ్గర చెయ్యి వెయ్యబోతే మాణిక్యం చేతులు వెనక్కి పెట్టుకుంది. నేను చూడని చావుకి నేను పగలగొట్టను, ఎవరో తేలిన చెక్క చూశారంటే నేను ముండమొయ్యను అంది. మీరు ఇంకొకసారి నాగపట్నం రాయండి.

భీమరాజు

•

రంగం
వ్యయ, ఆశ్వయుజ మాసం

భీమరాజు గారికి,

నాగపట్నం నుంచి జవాబు వచ్చిందండి. నకుదా ఇంటివారు సంతాపం ముగించుకున్నారట. ఆ ఓడ మనిషి ఒక్కరూ ఏ రేవులోనూ దిగలేదు. ఈ మాట మీకు వ్రాయడానికి నాలుగు కాయితాలు పాడుచేశాను. ఇంతకంటె మెల్లగా చెప్పే విధానం నాకు దొరకలేదు, క్షమించండి.

అమ్మగారు ఇక్కడికి రాదలచుకుంటే ఆయన ఉన్న గదీ, మెట్లూ నేను చూపిస్తాను. మా ఇంట్లో నా భార్య సంపూర్ణమ్మ ఉంది. కులం అడ్డం అనుకుంటే వేరే పొయ్యి పెట్టిస్తాను.

యెహెజ్కేలు

•

కోరంగి
వ్యయ, పుష్య మాసం

యెహెజ్కేలు గారికి,

మేం ఇల్లు చేరాం. మీ సంపూర్ణమ్మ కట్టి ఇచ్చిన అటుకులు దారి పొడుగునా సరిపోయాయి. వేరే పొయ్యి పెట్టిస్తానని మీరు రాస్తే వద్దనలేదు గానీ, వచ్చాక మాణిక్యం మీ పొయ్యి దగ్గరే కూర్చుని తినేసింది. నేనూ తిన్నాను. చేప మా వాళ్ళంత బాగా వండలేదు. ఉన్నమాట చెప్తాను, ఏమీ అనుకోకండి.

అక్కడ అందరి ముందూ చెప్పలేకపోయిన మాటలు కొన్ని ఉన్నాయి, అందుకే ఈ ఉత్తరం.

మీ పిలుపు అందగానే మాణిక్యం మూట కట్టింది. పొగ ఓడలోనా అన్నాను. మరి ఈదుకుంటూ పోనా అంది. లోవమ్మ, ఆవిడ ఒట్టు వెయ్యలేదు, నువ్వేశావు, నువ్వుండిపో, నేను తీసుకుపోతా అంది. ఆడవాళ్ళిద్దరూ గుమ్మం దిగారు. అప్పుడు నేనూ దిగాను. కాకినాడలో ఓడ నిచ్చెన ఊగుతుంటే పైనుంచి చినబాబు చెయ్యి చాపాడు, నల్లటి బొగ్గు చెయ్యి. ఒంటరిగా ఎక్కగలను నేను, ఎన్ని ఓడలు ఎక్కలేదు. అయినా పట్టుకున్నాను.

రంగంలో మీరు చూశారు. ఆ మెట్ల మీద, ఆయన కాలు ఆఖరున ఆనిన మెట్టు ఇదేనండి అని మీరు చూపిస్తే మాణిక్యం అక్కడ కూర్చుని, ఎవరి చెయ్యీ పడకుండా తన గాజులు తనే రాతికి కొట్టుకుంది. పక్కన బొగ్గు ఏరుకునే ఆ దేశపు ఆడమనిషి వచ్చి, ఏమీ అడక్కుండా గాజు పెంకులు ఒక్కొక్కటీ ఏరి నీళ్ళలో వేసింది, ఎవరి కాళ్ళలోనూ గుచ్చుకోకుండా. ఆవిడది ఏ ఊరో, ఎవరు పోయారో. మీరు మొహం తిప్పుకున్నారు. నేను చూశాను.

ఇక్కడికి వచ్చాక పాలెం వాళ్ళు నన్ను ఒక్క మాట అనలేదు. అనాలి. ఎదురుచూశాను. ఒట్టు పోయిందిలే పెద్దయ్యా, రేవే పోయింది అన్నారు. కుర్రాళ్ళు కొందరు పొగ ఓడ పనికి అప్పుడే పేర్లు ఇచ్చారు. వాళ్ళు విడిచిపెట్టారని నన్ను నేను విడిచిపెట్టుకోలేదు. నా పొయ్యి పాలెం బయటికి మార్చుకున్నాను, ఉప్పుకయ్య దగ్గర, చినబాబు గుడిసె పక్కన. లోవమ్మ కుండలు మోస్తూ దారంతా తిట్టింది. నిప్పు మాత్రం చినబాబు పెళ్ళాం ఇచ్చింది. అడగడానికి పోయింది నేనే. ఆ పిల్ల లోపలికి పోయి చాలాసేపు రాలేదు. ఇవ్వదనుకున్నాను. పిడక బాగా రాజేసి తెచ్చింది.

ఇంక అసలు మాట.

తిరిగి వచ్చేటప్పుడు పైతట్టు మీద కూర్చున్నాం. ఈశాన్యపు గాలి. నేను చిట్టియ్యని ఆగమన్న గాలి అదే. వెనకనుంచి మెత్తగా తోస్తోంది, ఆ ఓడకి దాంతో పని లేదు. ద్వీపాలు రెండు పక్కలా కనపడి వెనక్కి పోయాయి. మాణిక్యం కమ్మీ పట్టుకుని నీళ్ళనే చూస్తోంది.

"ఇక్కడేనా అన్నయ్యా?"

"ఎక్కడ చూసినా ఇవే నీళ్ళు" అన్నాను.

"నీకు తెలుసు. రంగు చూసి చెప్తావు నువ్వు. ఇంకా రాలేదా?"

ఏం చెప్పను? వస్తోంది అంటే అది వచ్చేదాకా చూస్తుంది. వచ్చింది అంటే, ఏం చేస్తుందో. అప్పటికే నీళ్ళు నల్లబడుతున్నాయి యెహెజ్కేలు గారూ. చినబాబు చెప్పిన చోటే.

"దాటిపోయాం. పొద్దున్నే దాటిపోయాం" అన్నాను. నా జన్మలో నీళ్ళ గురించి నేను అబద్ధం చెప్పలేదు.

మాణిక్యం నా వైపు తిరిగి చూసింది.

"మరి తలగుడ్డ ఎందుకు తీశావు?" అంది.

చూసుకుంటే చేతిలో ఉంది.

ఓలేటి భీమరాజు